పాత ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్‌ని ఎలా చూడాలి? మిలే గీసిన ఊరి చర్చితో మొదలుపెట్టండి

మ్యూజియంలోనైనా, ఫోన్‌లోనైనా ఒక బొమ్మ ముందు మనం ఆగేది మహా అయితే అర నిమిషం. పక్కనున్న చీటీ చదివి, ఒక ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోతాం. ఈసారి ఒకే ఒక్క బొమ్మకి పావుగంట ఇవ్వండి. నా మాట వింటే ఫ్రెంచ్ చిత్రకారుడు జాఁ ఫ్రాన్స్వా మిలే గీసిన ‘గ్రెవిల్ చర్చి’ తీసుకోండి. అసలుది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. పేరు కొట్టి వెతికితే నెట్‌లో పెద్ద సైజులోనే దొరుకుతుంది. వీలుంటే ఫోన్ పక్కనపెట్టి కంప్యూటర్‌లో చూడండి.

ముందు కొలత తెలుసుకోవాలి. స్క్రీన్ మీద అన్ని బొమ్మలూ ఒకే సైజులో కనిపించి మోసం చేస్తాయి. ఇది సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 73 సెంటీమీటర్ల వెడల్పు. అంటే వెడల్పు 32 అంగుళాల టీవీ అంత, ఎత్తు మాత్రం దానికంటే ఎక్కువ.

ఇప్పుడు కాస్త వెనక్కి జరిగి కళ్లు సగం మూయండి. బొమ్మలు గీసేవాళ్లు తరచూ చేసే పని ఇది. చిన్న చిన్న వివరాలు కరిగిపోయి, వెలుగు ముద్దలు, చీకటి ముద్దలు మాత్రం మిగులుతాయి. ఇక్కడ మిగిలేది నేలలోంచి మొలిచినట్టున్న బరువైన రాతి కట్టడం, దాని వెనక వెలుతురున్న ఆకాశం. ఆకాశాన్ని పొడుచుకుంటూ పోయే శిఖరం కాదు, పొట్టిగా, వెడల్పుగా, కూర్చున్నట్టుండే గోపురం. చర్చి అనగానే మనసులో మెదిలే బొమ్మని పక్కనపెట్టేది ఈ అడుగులోనే.

తర్వాత కళ్లు పూర్తిగా తెరిచి, మనుషుల్నీ జీవాల్నీ వెతకండి. పనిముట్టు భుజాన వేసుకుని నడిచిపోతున్న రైతు ఒకడు ఉంటాడు. గడ్డి మేసే గొర్రెలున్నాయి. గోపురం చుట్టూ పక్షులు తిరుగుతుంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు వాటిని స్క్రీన్ మీది దుమ్మనుకుని వేలితో తుడిచాను! ఒక్కో పక్షీ రంగు చుక్కే, అంతకుమించి ఏమీ లేదు. రైతు పక్కన చూస్తేనే చర్చి ఎంత పెద్దదో అందుతుంది. అతన్ని వేలితో కప్పి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి, తేడా తెలుస్తుంది.

కథ చదవాల్సింది ఇప్పుడు. ముందే చదివితే బొమ్మలో కథనే వెతుక్కుంటాం. మిలే 1814లో ఫ్రాన్స్ ఉత్తరాన ఉన్న నార్మండీ తీరంలో, గ్రెవిల్‌కి చెందిన గ్రూషీ అనే చిన్న పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. అంటే ఇది ఆయన సొంత ఊరి చర్చి. పెద్దయ్యాక పారిస్‌కి దగ్గర్లోని బార్బిజాన్‌లో స్థిరపడ్డాడు. 1870లో అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో యుద్ధం వచ్చినప్పుడు కుటుంబంతో సహా నార్మండీలోని రేవు పట్టణం షెర్‌బూర్‌కి వెళ్లాడు. అక్కడికి గ్రెవిల్ దగ్గరే. 1871లో మొదలుపెట్టిన ఈ బొమ్మ మీద 1874 దాకా పనిచేశాడు. 1875 జనవరిలో చనిపోయేనాటికి ఇది ఆయన స్టూడియోలోనే ఉంది. తర్వాత ఫ్రెంచ్ ప్రభుత్వం కొనుక్కుంది.

ఇదంతా తెలిశాక మళ్లీ ఆ రైతు దగ్గరికి రండి. నాకైతే ఇప్పుడు అతను ఎవరో దారినపోయే మనిషిలా అనిపించడు.

ఇంకో అయిదు నిమిషాలుంటే ఇదే మిలే గీసిన ‘ఏంజెలస్’ (చర్చి గంట మోగగానే చేసే ప్రార్థన పేరు) కూడా తెరవండి. 1857–59 నాటిది, అదీ ఓర్సేలోనే ఉంది. పొలంలో తల వంచుకుని నిలబడ్డ భార్యాభర్తలనే అందరూ చూస్తారు. మీరు మాత్రం కుడివైపు నేల, ఆకాశం కలిసేచోట వెతకండి. గోరంత గోపురం కనిపిస్తుంది. అది బార్బిజాన్ పక్క ఊరు షైయీలోని చర్చి. వాళ్లిద్దరూ పని ఆపి నిలబడింది సాయంత్రం అక్కడ మోగే గంట విని.