ఇంట్లో రెండు ఆడకుక్కలుంటే ఎద లెక్క ఎలా పెట్టుకోవాలి

మా గౌరి, లచ్చి ఒకసారి ఒకే వారంలో ఎదకు వచ్చాయి. తర్వాతి సారి లచ్చి రెండు నెలలు వెనకబడింది. కలిసి పెరిగినవి దగ్గరదగ్గరగా రావచ్చు, కానీ దాన్ని నమ్ముకోకండి. దేని తేదీ దానికి విడిగా క్యాలెండరులో రాయండి. చాలావాటికి ఎద 6–7 నెలలకోసారి వస్తుంది.

ఎద మొదలైతే కారే రక్తపు మరక కనిపించేలా, పడుకునే చోట తెల్లని పాత పంచె పరవండి. గౌరి ఎప్పటికప్పుడు నాకి శుభ్రం చేసుకుంటుంది, నేల మీద ఏమీ కనిపించదు. పంచె మీద మాత్రం రూపాయి బిళ్లంత గులాబీ మరక దొరికింది. ఆ ఎరుపు పలచబడి ఎండుగడ్డి రంగుకు మారితే ఎద అయిపోయిందనుకోవద్దు, చాలావరకు గర్భం నిలిచేది అప్పుడే! కనీసం 3 వారాలు, జననాంగం వాపు పూర్తిగా తగ్గేవరకు మగకుక్కను దూరంగా ఉంచండి.

ఆ తర్వాత రెండు నెలలూ గమనించండి. తిండి మానేసి, నీళ్లు అతిగా తాగుతుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటికి కారకపోయినా సరే, అదే రోజు పశువైద్యుడికి చూపించండి.