బలమైన ముక్కలు పడ్డప్పుడు పాట్‌ను పెంచడం ఎలా

టెక్సస్ హోల్డెమ్ పోకర్‌లో మంచి ముక్కలు చేతికి రాగానే చాలామంది చేసే పొరపాటు, ఎదుటివారు బెదిరిపోతారని మౌనంగా చెక్ చేసి (పందెం కాయకుండా వంతు దాటించి) ఊరుకోవడం. మీ చేతిలో రెండు ఎనిమిదులు ఉన్నాయనీ, ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా బల్ల మీద మొదట పరిచే మూడు ముక్కల్లో, ఆఠీన్ రాజు, ఆఠీన్ ఎనిమిది, కళావరు మూడు పడ్డాయనీ అనుకుందాం. పాట్‌లో, అంటే అందరి పందేలూ చేరే మొత్తంలో, 100 చిప్‌లు (పందెం బిళ్లలు) ఉన్నప్పుడు మూడు దఫాలూ (ఫ్లాప్‌లోనూ, ఆపై టర్న్, రివర్ అనే నాలుగో, ఐదో ముక్కలు పడ్డప్పుడూ) సగం పాట్ చొప్పున పందెం కాస్తే, ఎదుటివారు ప్రతిసారీ కాల్ చేసిన (అంతే మొత్తం పెట్టి ఆటలో కొనసాగిన) పక్షంలో, 50, 100, 200 కలిపి వారి నుంచి 350 చిప్‌లు వస్తాయి. ఫ్లాప్‌లో చెక్ చేసి తరువాతి రెండు దఫాలే అదే లెక్కన కాస్తే వచ్చేది 150 మాత్రమే. ఒక్క పందెం వదులుకున్నందుకు ఇంత నష్టం జరగడానికి కారణం, ప్రతి పందెమూ తరువాతి పందేనికి పునాది కావడమే.

పైగా చేతిలో రెండు ఆఠీన్లున్నవారికి టర్న్‌లో ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) కుదిరే అవకాశం దాదాపు ఐదోవంతు ఉంది కనుక, చెక్ చేయడమంటే వారికి ఆ ముక్కను ఉచితంగా చూపించడమే. చేతిలో ఒక రాజు ఉండి ఫ్లాప్‌లోని రాజుతో జత కుదిరినవారు ఎలాగూ కాల్ చేస్తారు. వారి మీద పెద్ద పందేనికి నేనైతే వెనుకాడను.

రివర్‌లో చివరి వంతు మీదైతే, కాల్ చేయగల చేతులలో సగానికి మించి మీకన్నా బలహీనమైనవేనా అని లెక్కించి, అవునంటేనే పందెం కాయండి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం నిషిద్ధం కాబట్టి, ఈ సాధన ఉత్తి చిప్‌లతోనే చేయాలి.