ముసురు పట్టకముందే మిస్సింగ్ పట్టుకోండి

జూన్ రెండో వారం వచ్చేసరికి మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఆకాశం మబ్బు పడుతుంది. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లు ఈలోపే చూసుకోవాల్సిన పని ఒకటుంది. ఇంజన్ మిస్సింగ్ కొడుతుంటే, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండక తడబడుతుంటే, ఎంత చిన్నదైనా సరే, ఎండలుండగానే దాని మూలం కనిపెట్టాలి. మే నెలలో ఎప్పుడో ఒకసారి తడబడే బండి, ముసురులో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు సరిగ్గా మలుపు మీదే ఆగిపోతుంది. బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్ ఉన్న బండ్లలో ఇంజన్ ఆగాక రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వెనక బస్సు, పక్కన లోయ ఉన్నప్పుడు ఆ సంగతి తెలుసుకోవాల్సిన గతి ఎవరికీ పట్టకూడదు.

మాది 1998 మోడల్ ఒమ్ని, కార్బురేటర్ బండి. 796 సీసీ, మూడే సిలిండర్లు. ఒకటి మండకపోతే మూడో వంతు బలం పోయినట్టే. నిరుడు వానల్లో దాన్ని ఎన్నిసార్లు షెడ్డుకి తీసుకెళ్లానో లెక్క లేదు. స్పార్క్ ప్లగ్గులు రెండుసార్లు మార్చారు. వైర్లు మార్చారు, కాయిల్ మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు బాగానే నడిచేది, చినుకు పడగానే మళ్లీ మొదలు. డబ్బు పోయిందన్న బాధ కంటే, పిల్లల్ని ఎక్కించుకుని ఏ దారిలో ఆగిపోతానో అన్న టెన్షనే ఎక్కువగా ఉండేది.

చివరికి సాలూరులో లారీల పని చేసే ఒక పెద్దాయన కింద ఇంజన్ ఉండే ముందు సీటు ఎత్తి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ కప్పు విప్పారు. పొడిగుడ్డతో లోపల తుడిచి, వెలుతురుకి పట్టి మెల్లగా తిప్పారు. "ఇదిగో బాబూ, చూడు" అన్నారు. రెండు లోహపు మొనల మధ్య వెంట్రుకంత నల్లటి గీత, పెన్సిల్‌తో గీసినట్టుంది. గాలిలో తేమ చేరగానే ప్లగ్గుకి వెళ్లాల్సిన కరెంటు ఆ గీత మీదుగా పక్కదారి పడుతోంది. పొడిగా ఉన్న రోజు ఏ లోపమూ కనబడదు. కప్పు, దాని లోపల తిరిగే రోటర్ మార్చాం, ఆ గొడవ తీరింది.

అందుకే సామాన్లు మార్చడం మొదలుపెట్టకముందు ఏ సిలిండర్ పనిచేయడం లేదో తేల్చుకోండి. ఇంజన్ ఆపి, ఒక ప్లగ్ వైరు తీసి దాని చివర పాత ప్లగ్గు ఒకటి తగిలించి, ఆ ప్లగ్గు లోహం ఇంజన్‌కి గట్టిగా ఆనేలా కట్టండి. ఊరికే వదిలేస్తే కాయిల్ దెబ్బతింటుంది. అప్పుడు స్టార్ట్ చేయండి. ఇంజన్ ముందుకన్నా ఎక్కువ కుంటుపడితే ఆ సిలిండర్ మంచిదే. తేడా ఏమీ లేకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చల్లే ఇంజెక్షన్ బండ్లలో ఇలా చేయకండి, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి చేరి దాన్ని మాడ్చేస్తుంది. వాటిలో ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కొక్కటే తీసి చూడాలి.

నడుస్తున్న ఇంజన్ మీద ప్లగ్ వైరు చేత్తో లాగవద్దు. అందులో ఉండేది వేల వోల్టులు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ దరిదాపులకే రాకూడదు.

అనుమానం ఉన్న సిలిండర్ ప్లగ్గుని పక్కదానికి మార్చండి. మిస్సింగ్ దానితోపాటు అక్కడికి వెళ్తే తప్పు ప్లగ్గుదే. వెళ్లకపోతే తర్వాత వైరు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. ప్లగ్గు విప్పేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే, చుట్టూ ఉన్న ఇసుక గాలితో ఊదేసిన తర్వాతే. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, అల్యూమినియం హెడ్‌లో మరలు తొందరగా పోతాయి. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలుతో తడిసి ఉంటే చాలాసార్లు స్పార్క్ లేదు. ఆయిల్ జిడ్డుంటే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి.

రాత్రిపూట చేసే పరీక్ష ఒకటి ఉంది, వానలకి ముందు ఇది తప్పక చేయాలి. ముందు పెట్రోలు కారడం లేదని, వాసన రావడం లేదని చూసుకోండి. బండిని ఆరుబయట చీకట్లో పెట్టి, స్టార్ట్ చేసి, ఇస్త్రీకి నీళ్లు చల్లే సీసాతో వైర్ల మీద, కప్పు మీద దూరం నుంచే సన్నగా తుంపర కొట్టండి. కరెంటు కారే చోట నీలం దారం లాంటి వెలుగు మెరుస్తుంది. తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ నడపకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. లుంగీ, చున్నీ ఫ్యాన్ బెల్టు దగ్గరికి పోకుండా చూసుకోండి.

ఐడ్లింగ్‌లోనే కొట్టి, రేస్ ఇస్తే పోతుందా? ఇంజన్ గాలి పీల్చే చోట తగిలించి ఉండే వాక్యూమ్ పైపు పగిలిందేమో అనుమానించండి. బూస్టర్‌కి వెళ్లే పైపు కూడా అలాంటిదే, కాబట్టి ఇది బ్రేకుల సంగతి కూడా. ఇవన్నీ బాగున్నా తగ్గకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, కొలిపించండి. తక్కువగా ఉన్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే పెరిగిందా, తప్పు రింగులది. పెరగలేదా, వాల్వులది లేదా హెడ్ గ్యాస్కెట్‌ది. కూలెంట్ తరిగిపోతూ తెల్లటి పొగ వస్తుంటే ఆ బండితో ఘాట్ మాట తలపెట్టకండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత బండ్ల రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. వేలితో నొక్కి చూడండి, మెత్తబడినా బీటలు వారినా మార్చేయండి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరుతుంది. ట్యాంకు మూత రబ్బరు సరిగ్గా కూర్చుంటోందో లేదో చూసుకోండి.

భావనపాడు, బారువ, కళింగపట్నం వైపు ఉండేవాళ్లకి ఉప్పుగాలి పోటు అదనం. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజన్‌కి వెళ్లే ఎర్త్ వైరు విప్పి చూడండి. పచ్చగా చిలుము పడితే గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. అలాంటి వానకి బండి నీళ్లలో మునిగితే, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడకుండా తాళం తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

పని అయ్యాక రాత్రి తుంపర పరీక్ష మళ్లీ చేయండి. తర్వాత గజపతినగరం దాకా ఒకసారి, ఖాళీగా కాకుండా నలుగురిని ఎక్కించుకుని వెళ్లి రండి. బరువు మీద మూడో గేరులో గట్టిగా తొక్కినా కుదుపు రాకపోతేనే ఘాట్ ఎక్కించండి.