రాత్రి రైల్లో ఒంటరిగా ఉన్న ఆడపిల్ల కనిపిస్తే

టికెట్ లేదని టీటీఈ ఎవరైనా ఆడమనిషిని రాత్రిపూట దిగిపొమ్మంటుంటే చూస్తూ ఊరుకోకండి ప్లీజ్, 1989 రైల్వే చట్టం సెక్షన్ 139 ప్రకారం తోడు మగవాళ్లు లేని ఆడవాళ్లని, పిల్లల్ని పగటిపూట మాత్రమే దించాలి, అదీ ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో. ఈ మాట మర్యాదగా చెప్పండి చాలు. ఎవడైనా ఇబ్బంది పెడుతుంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి కాల్ చేయండి, సెక్షన్ నంబర్ కూడా అదే కాబట్టి ఈజీగా గుర్తుంటుంది, కోచ్, బెర్త్ నంబర్ రెడీగా పెట్టుకోండి. ముందు ఆ అమ్మాయినే "హెల్ప్ కావాలా అమ్మా" అని అడగండి, వీలైతే పక్కన ఫ్యామిలీ ఆడవాళ్లతో అడిగించండి, ఎక్కడికెళ్తున్నావ్, ఎవరొస్తారు లాంటి వివరాలు మాత్రం అందరి ముందూ అస్సలు అడగొద్దు, వినేవాళ్లలో ఎవరుంటారో తెలీదు కదా.