ఆఫర్ లెటర్‌లోని ప్యాకేజీ నుంచి చేతికొచ్చే జీతం ఎంతో లెక్క కట్టడం ఎలా

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగానికి ఆఫర్ వచ్చిందనగానే ఇంట్లోవారు, స్నేహితులు, పెళ్లి సంబంధం చూసేవారు అందరూ అడిగే మొదటి ప్రశ్న ప్యాకేజీ ఎంత అని. ఆ అంకె సీటీసీ, అంటే కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. 2021, 2022 సంవత్సరాల్లో జీతాల పెంపులు భారీగా ఉన్నందున దానికీ చేతికొచ్చే జీతానికీ ఉన్న తేడాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మార్కెట్ ఒకేలా లేదు. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటామని ప్రకటించగా, అదే ఏడాది ఔషధ సంస్థ ఎలీ లిల్లీ, మెక్‌డొనాల్డ్స్ వంటి సంస్థలు హైదరాబాద్‌లో కొత్త కేంద్రాలు తెరిచాయి. ఇలాంటి సమయంలో ఉన్న ఉద్యోగం వదిలి కొత్తదానికి వెళ్లేవారు సంతకం పెట్టే ముందు లెక్క వేసుకొని తీరాలి.

18 లక్షల ఆఫర్ ఒకటి వచ్చిందనుకుందాం. అందులో పనితీరును బట్టి మారే వేరియబుల్ పే 1,80,000, జాయినింగ్ బోనస్ 1,00,000, కంపెనీ కట్టే పీఎఫ్ (భవిష్య నిధి) 86,400, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ 34,632, ఆరోగ్య బీమా ప్రీమియం 18,968 రూపాయలు ఉన్నాయనుకుంటే, వీటి మొత్తం 4,20,000 అవుతుంది. మిగిలిన 13,80,000 మాత్రమే నెలనెలా వచ్చే జీతం. అంటే నెలకు 1,15,000. అందులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల వేతనం) 60,000 అయితే మన వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 7,200, తెలంగాణలో వృత్తి పన్ను 200 పోతాయి. కొత్త పన్ను విధానంలో 2025-26 స్లాబుల ప్రకారం 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు ఇచ్చే మినహాయింపు) తీసేశాక సెస్సుతో కలిపి ఏడాదికి 78,780, అంటే నెలకు 6,565 రూపాయల పన్ను పడుతుంది. చివరికి ఖాతాలో జమయ్యేది 1,01,035. పద్దెనిమిది లక్షలను పన్నెండుతో భాగించి నెలకు లక్షన్నర వస్తుందని నమ్మి ఇంటి రుణానికి ఈఎంఐ కుదుర్చుకున్న కుటుంబం ఎంత ఇబ్బంది పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ కోతలన్నీ ఒక్కలాంటివి కావు. పీఎఫ్ మన పేరుమీదే ఉంటుంది కాబట్టి అది నష్టం కాదు. కొన్ని కంపెనీలు చట్టం చెప్పిన 15,000 రూపాయల పరిమితి మీదే లెక్కగట్టి నెలకు 1,800 మాత్రమే జమ చేస్తాయి. అప్పుడు చేతికి కాస్త ఎక్కువ వస్తుంది, దాచుకునేది తగ్గుతుంది. గ్రాట్యుటీ సంగతి వేరు. శాశ్వత ఉద్యోగికి ఐదేళ్ల సర్వీసు నిండితేనే అది దక్కుతుంది గనుక, రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారేవారు ఆ అంకెను సున్నాగానే చూసుకోవడం మంచిది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్నీ పీఎఫ్, గ్రాట్యుటీలకు ఆధారమయ్యే వేతనంగానే లెక్కించాలి కాబట్టి, మీ ఆఫర్‌లో బేసిక్ ఎంత శాతం ఉందో తప్పక చూసుకోండి.

వేరియబుల్ పే విషయంలో హెచ్ఆర్‌ను నేరుగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: గత రెండేళ్లలో ఈ స్థాయి ఉద్యోగులకు నిజంగా ఎంత శాతం చెల్లించారు? సూటిగా సమాధానం రాకపోతే అందులో సగమే వస్తుందనుకొని లెక్క వేసుకోవడం క్షేమం. జాయినింగ్ బోనస్ షరతులను మరింత జాగ్రత్తగా చదవాలి. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని దాదాపు అన్ని ఆఫర్లలోనూ ఉంటుంది గానీ, పన్ను పోగా మన చేతికి అందినంతే కట్టాలా, పూర్తి లక్షా కట్టాలా అన్నది అక్కడి వాక్యాన్ని బట్టి మారుతుంది. కంపెనీయే తొలగించినా ఆ షరతు వర్తిస్తుందేమో కూడా కనుక్కోండి. షేర్లు ఇచ్చే కంపెనీ అయితే నాలుగేళ్ల విలువను నాలుగుతో భాగిస్తే సరిపోదు. అమెజాన్ చాలా ఏళ్లుగా అనుసరించిన పద్ధతిలో మొదటి ఏడాది 5, రెండో ఏడాది 15, తరువాతి రెండేళ్లలో 40 చొప్పున శాతాలు చేతికొచ్చేవి. షేర్లు మన పేరున జమయిన రోజునే వాటి విలువ జీతంలో కలిసి పన్ను పడుతుంది. విదేశీ షేర్లయితే రిటర్నులో విడిగా చూపించాలి.

ఆన్‌సైట్ అవకాశం, అంటే విదేశంలో క్లయింట్ దగ్గర పనిచేసే అవకాశం ఉందన్న మాటను జీతంలో భాగంగా లెక్కపెట్టవద్దు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా, తన దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ మాటకు బలం బాగా తగ్గింది.

బేరం ఆడేటప్పుడు మొత్తం సీటీసీ పెంచమని అడగడం కంటే, వేరియబుల్‌లో కొంత ఫిక్స్‌డ్‌లోకి మార్చమని అడగడం మేలు. కంపెనీ బడ్జెట్ మారదు కనుక హెచ్ఆర్ ఒప్పుకునే అవకాశం ఎక్కువ. నోటీస్ పీరియడ్ తొంభై రోజులుంటే, ఆ గడువు ముగియకుండానే వెళ్లేందుకు పాత కంపెనీకి కట్టే బయౌట్ డబ్బు ఎవరు కడతారో మెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో ఇచ్చిన హామీ, అది ఇచ్చిన రిక్రూటర్ మానేసిన రోజుతోనే పోతుంది.

కొత్తగా చదువు ముగించినవారికి ఒక్క మాట. పెద్ద సర్వీసు కంపెనీల్లో సాధారణ ఫ్రెషర్ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు, నాలుగు లక్షల దగ్గరే ఉంది. ఆ నిరాశలో డబ్బు తీసుకొని దొడ్డిదారిన (బ్యాక్‌డోర్) ఉద్యోగం ఇప్పిస్తామనేవారి దగ్గరకు దయచేసి వెళ్లవద్దు. అనుభవం ఉన్నట్టు దొంగ పత్రాలు పెడితే, పీఎఫ్ రికార్డులో ఆ కంపెనీ పేరు కనిపించక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతారు.

చేరే తేదీ, ఫిక్స్‌డ్ జీతం, బోనస్ షరతులు రాతపూర్వకంగా అందాకే రాజీనామా పంపండి. పంపే ముందే పే స్లిప్పులు, ఫారం 16 (జీతం నుంచి కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం) మీ సొంత మెయిల్‌కు తెచ్చుకోండి. ఆఖరి రోజున లాగిన్ ఆగిపోతే వాటికోసం నెలల తరబడి తిరగవలసి వస్తుంది.