పాత కంప్యూటర్‌లో లినక్స్ – 2వ పాఠం: పెన్‌డ్రైవ్‌తో మొదటి బూట్

గత పాఠంలో దుమ్ము దులిపి, ర్యామ్ ఎంతుందో చూసి రాసిపెట్టుకున్నాం. ఈసారి డిస్క్ జోలికి వెళ్లొద్దు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే డిస్క్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే, లినక్స్ డెస్క్‌టాప్ తెరుచుకుంటే చాలు. పాత మెషిన్ పెట్టే పేచీలన్నీ దాదాపుగా ఇక్కడే బయటపడతాయి.

ముందు ప్రాసెసర్ 64 బిట్‌దో, 32 బిట్‌దో తేల్చుకోండి. కోర్ 2 డ్యుయో అయితే 64 బిట్, బెంగ లేదు. పేరులో 2 లేని కోర్ డ్యుయో, పెంటియమ్ ఎం, తొలి నెట్‌బుక్‌లలోని యాటమ్ ఎన్270 మాత్రం 32 బిట్‌వి. లినక్స్ రకాలైన ఉబుంటు, మింట్ కొత్త వెర్షన్లు వీటికి రావు. డెబియన్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. కాబట్టి డెబియన్ 12 గానీ, దాని ఆధారంగా తయారైన యాంటిఎక్స్ 23 గానీ తీసుకోండి. ర్యామ్ 1 జీబీ లోపే ఉంటే మరో ఆలోచన లేకుండా యాంటిఎక్సే.

ఐఎస్‌ఓ ఫైల్ (లినక్స్ మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చేది) దిగాక దాని షా256ను, అంటే ఫైల్ చెడిపోలేదని తేల్చే సంకేతాన్ని, డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో సరిచూడండి. ఒక్క అంకె తేడా వచ్చినా మళ్లీ దించుకోవాల్సిందే. ఆ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే బూట్ కాదు. బయాస్ (పవర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) వెతికేది డ్రైవ్ మొదటి సెక్టార్‌లోని బూట్ కోడ్ కోసం. కాపీ చేసినప్పుడు అది అక్కడికి చేరదు. విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్ తెరిచి, పార్టిషన్ స్కీమ్‌గా ఎంబీఆర్ (పాత బయాస్‌లకు సరిపడే పద్ధతి) ఎంచుకుని రాయించండి. లినక్స్‌లో డీడీ అనే కమాండ్ వాడేవాళ్లు డ్రైవ్ మొత్తాన్ని, అంటే ఎస్‌డీబీని చూపాలి, అందులోని ఒక భాగమైన ఎస్‌డీబీ1ని కాదు. ఆ అక్షరం మీ మెషిన్‌లో వేరుగా ఉండొచ్చు, సైజు చూసి పోల్చుకోండి. పొరపాటున హార్డ్‌డిస్క్‌ను చూపిస్తే అందులోని డేటా పోయినట్టే. డీడీ ఒక్క మాటైనా అడగదు.

పెన్‌డ్రైవ్ గుచ్చాకే పవర్ ఆన్ చేసి, బయాస్ సెట్టింగుల్లో బూట్ వరుస తెరవండి. చాలా పాత బయాస్‌లు పెన్‌డ్రైవ్‌ను యూఎస్‌బీ కింద చూపవు. హార్డ్ డిస్క్ డ్రైవ్స్ అనే వరుస తెరిచి, అక్కడ దాన్ని పైకి జరపాలి. దొరకలేదని అక్కడే వదిలేసేవాళ్లు ఎక్కువ.

బయాస్‌లో ఉండగానే తేదీ చూడండి. 2005 అనో 2008 అనో ఉంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. మూడు వోల్టుల కొత్తది వేసి గడియారం సరిచేయండి. ఇది చిన్న విషయం కాదు. తేదీ వెనక్కి ఉంటే బ్రౌజర్ ప్రతి సైటునూ అనుమానిస్తుంది, ప్రోగ్రామ్‌లను దించి ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్ కూడా ప్యాకేజీల జాబితా ఇంకా చెల్లదంటూ ఆగిపోతుంది. నెట్ పాడైందనుకుని గంటలు పోగొట్టుకుంటారు.

పీఏఈ (32 బిట్ ప్రాసెసర్ ఎక్కువ ర్యామ్ వాడుకునేలా చేసే సౌకర్యం) లేదంటూ కెర్నల్, అంటే లినక్స్ మూలభాగం, ఆగిందా? తొలి పెంటియమ్ ఎంలలో ఆ సౌకర్యం ఉన్నా, ఉందని ప్రాసెసర్ చెప్పదు. బూట్ మెనూలో ట్యాబ్ నొక్కి, వరుస చివర ఫోర్స్‌పీఏఈ (forcepae) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కలిపి టైప్ చేయండి. మెనూ దాటాక తెర నల్లబడితే అదే చోట నోమోడ్‌సెట్ (nomodeset) చేర్చండి.

డెస్క్‌టాప్ వచ్చాక సౌండ్, వైఫై, టచ్‌ప్యాడ్ పరీక్షించండి. బ్రాడ్‌కామ్ పాత వైఫై చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను (చిప్ పనిచేయడానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను) డెబియన్ తన ఐఎస్‌ఓలో ఇవ్వదు, ఇన్‌స్టాల్ అయ్యాక నెట్ నుంచి దించుకోవాలి. అలాంటి చిప్ ఉంటే పాఠం 3 నాటికి ల్యాన్ కేబుల్ ఒకటి సిద్ధం చేసుకోండి. అప్పుడు డిస్క్‌ను విభజిద్దాం.