వానాకాలంలో అడవికి వెళ్తున్నారా? ఒక రాత్రి ఆగిపోవడానికి సిద్ధపడి వెళ్లండి

నైరుతి రుతుపవనాలు వచ్చిన రెండు వారాలకు నాకు ఫోన్లు మొదలవుతాయి. ‘అన్నా, ఈ శని, ఆదివారాలు సంచులు వేసుకుని అడవిలో నడుద్దామనుకుంటున్నాం, ఏమేమి తీసుకెళ్లాలి?’ అని అడుగుతారు. సామాను సంగతి తర్వాత. ముందు నేను అడిగేది ఒకటే. ఆదివారం సాయంత్రం వాగు పొంగి దారి మూసుకుపోతే, సోమవారం పొద్దుటిదాకా ఇవతలి గట్టున కూర్చోగలరా?

ఎనిమిదేళ్ల కిందట మేము కూర్చోలేకపోయాం. నల్లమల అంచున పొద్దున దాటినప్పుడు చీలమండలు మాత్రమే తడిసిన వాగు, సాయంత్రానికి మోకాళ్లు దాటింది. మేమున్న చోట చినుకు కూడా పడలేదు. ఐదుగురికీ మర్నాడు ఆఫీసు ఉంది. చేతులు పట్టుకుని దిగాం. నడి వాగులో ఒక మిత్రుడి కాలు పాచి మీద జారింది. సంచి నడుముపట్టీ, ఛాతీపట్టీ రెండూ బిగించి ఉన్నాయి. నీళ్లు నిండిన సంచి అతన్ని బోర్లా తోసి పైనెక్కింది. గట్టున మేకలు కాస్తున్న పెద్దాయన కర్ర అందించకపోయి ఉంటే అతను మాకు దక్కేవాడు కాదు. అప్పటినుంచి నీళ్లలో అడుగుపెట్టాల్సి వస్తే ముందు రెండు పట్టీలూ విప్పిస్తాను. జారితే సంచి వదిలేయగలగాలి. అయితే అసలు జాగ్రత్త పట్టీలు విప్పడం కాదు, పొంగిన వాగులో దిగకపోవడం.

కొండవాగుల తీరు తెలిస్తే ఆగడం కష్టమనిపించదు. రాతి నేల, నిలువు వాలు కావడంతో ఎగువన కురిసిన వాన ఇంకకుండా ఒక్కసారిగా దిగుతుంది. వాన ఆగితే చాలా వాగులు కొన్ని గంటల్లోనే తగ్గుతాయి. తేట నీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, ఎగువన హోరు పెరిగినా ఫొటోల కోసం నిలబడకుండా వెంటనే ఎత్తుకు వెళ్లిపోవాలి. ఎగువన ఆనకట్ట ఉంటే ఎండ కాస్తున్నా నమ్మకూడదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది చనిపోయింది వరదలో కాదు, లార్జి జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో. ఆ పిల్లల వార్తలు చదివిన రోజులు నాకు ఇంకా గుర్తున్నాయి.

ఆగినవాళ్ల సంగతీ చెప్పాలి. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన 80 మంది దాకా సందర్శకులు తిరుగుదారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకున్నారు. సహాయక బృందాలు రాత్రి వెళ్లి వాళ్లను క్షేమంగా బయటికి తెచ్చాయి. చీకట్లో వాగుకు ఎదురెళ్లకుండా ఆగడం వల్లే అది సాధ్యమైంది.

కాబట్టి సంచి సర్దేది అనుకోని ఆ ఒక్క రాత్రి కోసం. మనిషికో టార్చి, విడి బ్యాటరీలు, ఇద్దరు కప్పుకోగల ప్లాస్టిక్ పట్టా, ఒక పొడి జత, ఉన్ని టోపీ, అటుకులు, పల్లీపట్టీలు, ఓఆర్ఎస్ పొట్లాలు. వానాకాలమే కదా అని నీళ్లు తగ్గించవద్దు, ఉక్కలో మూడు లీటర్లు ఇట్టే అయిపోతాయి. వాగు నీరు తాగాల్సి వస్తే కాచుకోవాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి దాని మీద రాసినంతసేపు ఆగాలి. సంచి పైతొడుగును మాత్రం నమ్మకండి. వాన వీపు వైపు నుంచి దిగుతుంది. లోపల మందపాటి పాలిథిన్ సంచి పెట్టి, మూతి మెలితిప్పి కట్టి, బట్టలు అందులో ఉంచాలి. బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదు. బరువైనవి వీపుకు ఆనుకుని ఉండాలి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, తొడలు ఒరుసుకుపోతాయి. కొత్త బూట్లతో నేరుగా అడవికి రావద్దు. రెండు వారాలు హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు చుట్టూ నడిచి చూడండి, బొబ్బలు వచ్చేదుంటే అక్కడే వస్తాయి.

ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో పడుకోవద్దు. ఉరిమితే ఒంటరి చెట్టునూ, కొండకొమ్మునూ వదిలి కిందికి రావాలి, గుంపుగా నిలబడకుండా ఎడంగా ఉండాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి. పాము విరుగుడు మందు దగ్గరలో ఏ ప్రభుత్వాసుపత్రిలో ఉందో బయలుదేరే ముందే కనుక్కోండి.

నల్లమలలో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు. దారి పటాన్ని ఇంట్లోనే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లకూడదు. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. ఆ గేటు అందుకోవాలన్న తొందరలో జరిగే పొరపాట్లు చాలా చూశాను. అందుకే జలపాతం కనిపించినా కనిపించకపోయినా మధ్యాహ్నం 2 గంటలకు వెనుదిరగాలని ముందే ఒప్పందం చేసుకోండి.

ఎవరెవరు వెళ్తున్నారు, ఏ దారిన, ఏ ఊరి దగ్గర బండి ఆపుతారు అన్నవి కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఏ గంటదాకా కబురు రాకపోతే అత్యవసర నంబరు 112కి చెప్పాలో కూడా అందులో రాయండి. అమ్మకు కంగారు పుడుతుందని దాచవద్దు, వెతకడం మొదలుపెట్టించేది ఆమే. ఆఫీసులో శుక్రవారమే చెప్పి, సోమవారానికి సెలవు అడిగి ఉంచండి. దారి బాగుండి ఆదివారమే ఇల్లు చేరితే, ఆ సెలవు వెనక్కి ఇచ్చేయవచ్చు.